బల్ల వెనక గోడ

సెప్టెంబరు 15, సోమవారం

మందిరాన్ని కొలవడానికి నెల్లూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు భానుప్రియ. ఆర్కిటెక్టు. వాకాడు బస్సు దిగి నడిచి వచ్చింది, భుజాన తన బరువంత సంచి. సంచి దించకుండానే మందిరం చుట్టూ ఒకసారి తిరిగింది. గోడను అరచేత్తో తట్టి చూసింది, సంతలో గొడ్డును తట్టినట్టు.

అయ్యగారు, అంటే మా పాస్టరు కిషోర్ బాబు గారు, నన్ను పిలిచి టేపు రెండో కొస పట్టుకోమన్నారు. గంట కొట్టేది నేను, ఊడ్చేది నేను, క్రిస్మసుకు సున్నం కొట్టేది నేను. కాబట్టి ఇదీ నా పనే.

సంగతి ఏమిటంటే, ఇది దొరల కాలంలో కట్టిన మందిరం. మందపాటి ఇటుక గోడలు, సున్నపు గార, టేకు దూలాలు, పైన పెంకు. సంఘపెద్ద సంజీవరావు గారు దీన్ని పడగొట్టి స్లాబు వేద్దామంటున్నారు. నెల్లూరులోని పై ఆఫీసు వాళ్ళు మాత్రం ముందు కొలిపించమన్నారు. గోడలు బాగుంటే రిపేరు చేయిస్తారట. బాగా లేకపోతే పడగొట్టుకోవచ్చట. అందుకని ఈ అమ్మాయి.

సంజీవరావు గారు మోటారు సైకిలు దిగకుండానే, పడగొట్టేదానికి బొమ్మెందుకమ్మా అని అడిగారు. పడగొట్టేదానికే సార్ బొమ్మ కావాల్సింది, నిలబడేది ఎటూ కనపడతానే ఉంటుంది అంది ఆ అమ్మాయి. ఆయనకు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. లోపలికి పోయి నవ్వుకున్నాను.

ఈ డైరీ సంజీవరావు గారి రొయ్యల మేత షాపులో జనవరిలో ఇచ్చారు. మేత కంపెనీ బొమ్మ ఉంది అట్ట మీద. ఇన్నాళ్ళూ బియ్యం డబ్బా మీద మూతగా ఉంది.

సెప్టెంబరు 16, మంగళవారం

నేను అనుకున్నంత తేలిక కాదు. పొడుగు, వెడల్పు కొలిచి ఊరుకోదు. మూల నుంచి మూలకు, ఐమూలగా కూడా కొలుస్తుంది. నాలుగు వైపులా కొలిస్తే గది ఎంతో తెలుస్తుందట గానీ వంకరగా ఉందో సమంగా ఉందో తెలియదట. మా మందిరం కొంచెం వంకర. ఇన్నేళ్ళు ఊడ్చాను, నాకు తెలియలేదు.

టేపు పట్టుకున్నప్పుడల్లా పట్టుకున్నారా తాతా అని ఆ చివర నుంచి అరుస్తుంది. నేను తల ఊపుతాను. అంత దూరానికి తల ఊపడం కనపడదు. నోటితో చెప్పండి అంది. చెప్పాను. వినపడలేదంది. మళ్ళీ చెప్పాను. గోడకు కూడా వినిపించి ఉండదు.

మధ్యాహ్నానికి ఆమే దారి కనిపెట్టింది. సరిగ్గా ఆన్చాక టేపును ఒకసారి లాగమంది. నేను లాగుతాను, ఆమె చదువుకుంటుంది. అంతే. సాయంత్రం దాకా ఒక్క మాట లేకుండా పని జరిగింది. నా జన్మలో ఎవరూ నాకింత సదుపాయమైన పని చెప్పలేదు.

ఇంటికొచ్చి రెజీనాకు చెప్పాను. ఆ తాడేదో మన పెళ్ళినాడే నాకిచ్చి ఉంటే బాగుండేది గదా అంది.

సెప్టెంబరు 17, బుధవారం

స్తంభానికి మూల విరిగిన చోట విరిగినట్టే గీస్తుంది. లాంతరు తగిలించే మేకును గీసింది. కిటికీ కింద సున్నం కారి ఎండిన చారలున్నాయి, అవి నావే, నా చేతి పనే. గీకి శుభ్రం చేద్దామని కొబ్బరిచిప్ప తీసుకున్నాను. వద్దని ఆపింది. మనకు ఎట్లా కావాలో అట్లా గీస్తే అది కొత్త ఇంటి ప్లాను తాతా, ఉన్నది ఉన్నట్టు గీస్తేనే దీన్ని మెజర్డ్ డ్రాయింగ్ అంటారు అంది.

రెజీనా కానాగంత చేపల పులుసు తెచ్చింది. ఆ అమ్మాయి తింటుందో లేదో అని నేను తటపటాయించాను. రెండోసారి అడిగి వేయించుకుంది. రెజీనా ఆ బొమ్మలన్నీ చూసి, గోడలో పగుళ్ళు కూడా గీస్తావా తల్లీ, చుట్టాలొస్తే చినిగిన చాప మడిచి పెట్టుకోమా అంది. మీరు చాప మడుచుకోండి అవ్వా, నేను చుట్టాన్ని కాదు అంది భానుప్రియ. ఇద్దరూ నవ్వారు. రెజీనాకు ఆమె నచ్చింది. ఇన్నేళ్ళలో నేను ఆడినవాటికంటే ఎక్కువ మాటలు ఆ అమ్మాయి ఒక్క పూటలో వినిపించిందట.

సెప్టెంబరు 18

వాన. కొలత లేదు.

సెప్టెంబరు 19, శుక్రవారం

ఈ రోజు బల్ల వెనక గోడ. రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల వెనకాల ఉండే తూర్పు గోడ అన్నమాట. దాని మీద ఎత్తున, గారతో ఉబ్బెత్తుగా చేసిన పెద్ద అక్షరాల్లో దేవుని పేరు ఉంది. దాని కింద గోడ పొడుగునా గార అంచు, నాలుగు వేళ్ళు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. నా చిన్నప్పుడు మిషను బడి ఈ మందిరంలోనే జరిగేది. నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట ఆ గోడ మీదదే.

గోడ నిలువుగా ఉందో వాలిందో చూడాలట. అడుగు పొడుగు కర్ర, దాని కొసకు దారం, దారానికి ఇత్తడి గుండు. కర్ర మొనను పైన గోడకు ఆన్చి పట్టుకుంటే దారం కిందికి వేలాడుతుంది. కింద దారానికీ గోడకూ మధ్య ఎంత ఉందో ఆమె కొలుస్తుంది. కిందా అడుగే ఉంటే గోడ నిలువు. తగ్గితే గోడ పైభాగం బయటికి వాలినట్టు. రెండు మూలలూ కొలిచాము, నిలువుగానే ఉన్నాయి. ఇక మధ్యలో.

నిచ్చెన నేనే ఎక్కాను. ఏ మెట్టు పుచ్చిందో నాకే తెలుసు. కర్ర ఆన్చాల్సిన చోట సరిగ్గా దేవుని పేరు ఉంది. సున్నం కొట్టేటప్పుడు కూడా ఆ అక్షరాల మీద నేను చెయ్యి పెట్టను, కుంచె ఒక్కటే తగులుతుంది. కర్రతో పొడిచినట్టు అక్కడ ఆన్చబుద్ధి కాలేదు. అటూ ఇటూ అక్షరాలే. కిందనున్న అంచుకు ఆన్చాను. జానెడు కిందికి, అంతే. దారం ఒకసారి లాగాను. ఆమె బల్ల వెనక వంగి రీడింగు చూసుకుంటోంది, పైకి చూడలేదు.

ఆమె కొలిచి, మళ్ళీ కొలిచి, ఇంత పాత గోడ ఎంత నిటారుగా ఉంది తాతా అంది. నేను నిచ్చెన మీదే ఉన్నాను. కాళ్ళలో బలం వచ్చినట్టయింది.

సెప్టెంబరు 20

భానుప్రియ వెళ్ళిపోయింది. బస్సు దాకా సంచి నేను మోశాను.

సెప్టెంబరు 28, ఆదివారం

ఆరాధన అయ్యాక అయ్యగారు చెప్పారు. కొలతల్లో గోడలన్నీ బాగున్నట్టు తేలిందట. పై ఆఫీసు వాళ్ళు రిపేరుకు ఒప్పుకున్నారట. ఆడవాళ్ళ వైపు నుంచి హల్లెలూయ అన్నారు. సంజీవరావు గారు లేచి, స్లాబు వేసుకుంటే కొలతలతో పనే లేదు గదా, పక్క ఊరోళ్ళు రెండంతస్తులు కట్టినారు అన్నారు.

బయట గురవమ్మ నిలబడి ఉంది. చేపలు పట్టేవాళ్ళ పట్టపుపాలెం ఆమె. వాళ్ళది మన మతం కాదు. కానీ తుఫాను వస్తే పాలెం వాళ్ళు పిల్లా జెల్లాతో మందిరంలోనే తల దాచుకుంటారు. సర్కారు వాళ్ళు కట్టిన షెల్టరు వాగు అవతల ఉంది, నీళ్ళొస్తే అక్కడికి దారి ఉండదు. ఈ ఏడు కూడా రావచ్చా, పడగొడతా ఉండారంట గదా అని అడిగింది. నిక్షేపంగా రమ్మన్నారు అయ్యగారు. ఎప్పటిలాగా బల్ల దగ్గర పడుకోండి, వాకిలి వైపు కారుతుంది అన్నారు.

మనసు నిండుగా ఉంది. ఎండాకాలం ఆ గోడకు వీపు ఆన్చి కూర్చుంటే మంచినీళ్ళ కుండకు ఆన్చినట్టు ఉంటుంది. అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు.

అక్టోబరు 12, ఆదివారం

డ్రాయింగులు వచ్చాయి. పెద్ద పెద్ద కాగితాలు. అయ్యగారు గోడకు అంటించి అందరినీ చూడమన్నారు. జాతరే. రెజీనా తను కూర్చునే చోటు వెతికి పట్టుకుంది. అక్కడ నేల కొంచెం గుంట పడింది, అదీ గీసి ఉంది. నీ బరువు తల్లీ అది అని ఎవరో అన్నారు. నా ఒక్కదానిదా, మా అత్తది కూడా కలిపి అంది.

ఒక కాగితంలో మందిరాన్ని ముంజకాయ కోసినట్టు నిలువునా కోసి చూపించింది. సెక్షన్ అంటారట. పెంకులు, దూలాలు, బల్ల, బల్ల వెనక గోడ. గోడ మీద దేవుని పేరు ఉబ్బెత్తు. కింద అంచు, నాలుగు వేళ్ళు ముందుకు. అంచు కింద నేల దాకా గోడ తిన్నగా, గీత కొట్టినట్టు.

జనమంతా పోయాక మళ్ళీ చూశాను. నేను కర్ర ఆన్చింది ఆ అంచుకు. అంచు నాలుగు వేళ్ళు ముందుకు ఉంది. గోడ తిన్నగా ఉంటే కింద అడుగు మీద నాలుగు వేళ్ళు రావాలి. అడుగే వచ్చింది.

ఎందుకు వచ్చింది?

అక్టోబరు 13, సోమవారం

మధ్యాహ్నం మందిరంలో ఎవరూ లేరు. ఒక కర్ర, దారం, దారానికి గుండ్రాయి కట్టుకున్నాను. నిచ్చెన వేశాను. పైన కర్రను దారంతో నిచ్చెనకు బిగించి, దిగి కింద చూశాను.

మొదట అంచుకు ఆన్చాను. కింద కర్ర పొడుగు సరిగ్గా సరిపోయింది, ఆ రోజులాగే.

తర్వాత తండ్రీ క్షమించు అనుకుని దేవుని పేరుకే ఆన్చాను. కింద దారం గోడకు నాలుగు వేళ్ళు దగ్గరికి వచ్చింది.

నాలుగు వేళ్ళూ గోడ బయటికి పోయింది. అంచు దాన్ని నింపింది. నింపనిచ్చింది నేను.

బయటికి పోయి చూశాను. వెనకంతా తుమ్మకంప, బోగన్‌విల్లా అల్లుకుని ఉంది. తొలగించి చూస్తే మధ్యలో గోడ నిండు చూలాలి పొట్టలా ఉంది. మళ్ళీ లోపలికొచ్చి పైకి చూస్తే దూలం కొస గోడలో నుంచి జారి బయటపడి ఉంది. ఇన్నాళ్ళూ గోడలో ఉన్న ఆ ముక్క రంగు వేరే.

అక్టోబరు 14

చెబితే మందిరం పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కాగితం మీద గోడ తిన్నగా ఉంది.

అక్టోబరు 15, బుధవారం

భానుప్రియకు ఫోను చేశాను. హలో తాతా అంది. పెట్టేశాను. ఆమే మళ్ళీ చేసింది. రెజీనా ఎత్తింది. పులుసులో మామిడికాయ ఎప్పుడు వేయాలి, కానాగంతలకు ముళ్ళు ఎట్లా తీయాలి, ఇదే మాట్లాడారు చాలా సేపు. తాతకు నా మీద బెంగా అని అడిగిందట. రెజీనా నా వైపు చూసి, బెంగో ఇంకేందో, రెండు రోజులుగా అన్నం సయించడం లేదు ఆయనకు అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఫోను నా చేతికి ఇవ్వబోయింది. నేను గొడ్డుకు నీళ్ళు పెట్టాలని వెళ్ళాను. మాకు గొడ్డు లేదు.

అక్టోబరు 17

సంజీవరావు గారు ఎదురుపడ్డారు. చెబితే ఆయన గెలిచినట్టు అవుతుంది. అదొకటి కూడా ఉంది లోపల. రాసుకోకుండా ఎందుకు దాచాలి.

అక్టోబరు 19, ఆదివారం

అయ్యగారు ప్రసంగం చేస్తుంటే నేను గోడనే చూశాను. ఆయన తల మీద దేవుని పేరు, ఆ పేరు మీద దూలం. దూలం కొస ఎక్కడుందో నాకు తెలుసు. ప్రసంగం దేని గురించో తెలియదు.

అక్టోబరు 20, సోమవారం

వాయుగుండం అంటున్నారు. గాలి తూర్పుకు తిరిగింది.

గురవమ్మ వచ్చింది, మూటలు ఎక్కడ పెట్టుకోవచ్చో చూసుకోవడానికి. బల్ల దగ్గర చాప పరిచి కొలిచి చూసుకుంది, పిల్లలు ఇక్కడ, ముసలోళ్ళు ఇక్కడ అని. కోడలికి నెలలు నిండాయట, దానికి గోడవార చోటు పెట్టింది. ఆ గోడవారే. పోతూ పోతూ నాతో అంది:

"మీ దేవుడు మాకు ఏడాదికి ఒక్కనాడే గదన్నా. ఆ ఒక్కనాడూ బాగా చూసుకోమని చెప్పు."

నవ్వుతూనే అంది. నేను నవ్వలేదు. ఏందో ఈయన అని పోయింది.

అక్టోబరు 21, మంగళవారం

పొద్దున్నే రెజీనాను మందిరానికి పిలిచాను. ఎందుకని అడిగింది. దారం కింద నిలబెట్టి చూడమన్నాను. నిచ్చెన ఎక్కి అంచుకు ఒకసారి, పేరుకు ఒకసారి ఆన్చాను. ఆమెకు గుండ్రాయి జరగడం కనిపించింది. గోడను చూసింది. నన్ను చూసింది. ఇదా నీ అన్నం సయించని జబ్బు అంది.

నేను తల ఊపాను. అయ్యగారికి చెప్పలేనని చేత్తో చూపించాను.

"చెప్పలేకపోతే చెప్పబాక. నాకు చూపించినట్టే ఆయనకూ చూపించు. దించు ఆ తాడు, నేను పిల్చుకొస్తా."

ఆమె అయ్యగారిని పిలవడానికి పోతే అక్కడ సంజీవరావు గారు కూడా ఉన్నారు, తుఫాను సంగతి మాట్లాడటానికి వచ్చి. ఇద్దరినీ తీసుకొచ్చింది. నేను కోరుకున్నది అది కాదు. అయినా నిచ్చెన ఎక్కాను.

కింద సంజీవరావు గారే చూశారు. మొదటిసారి, ఏముంది, సరిగ్గానే ఉందే అన్నారు. రెండోసారి దారానికీ గోడకూ మధ్య చెయ్యి పెట్టి చూశారు. కర్రను అడ్డం పెట్టి చూశారు. బయటికి పోయి కంపలు తొలగించి చూసి వచ్చారు. నేను నిచ్చెన దిగలేదు.

అప్పుడు ఆయన అడిగారు: "నోరు మూసుకోని ఉంటే నీ మందిరం నిలబడేది గదా హెబ్రోనూ. ఎందుకు చూపించినావు?"

"గురవమ్మోళ్ళు వస్తారు గదా," అన్నాను. వినపడింది. పై నుంచి చెప్పాను కదా, కిందికి బాగా వచ్చినట్టుంది.

ఆయన గెలిచిన మొహం పెట్టలేదు. పెడతారనే అనుకున్నాను. మేత గోడౌను ఖాళీ చేయిస్తాను, పాలెం వాళ్ళను అక్కడికి రమ్మనండి అని అయ్యగారితో చెప్పి మోటారు సైకిలు స్టార్టు చేశారు. అయ్యగారు మందిరానికి తాళం వేశారు. తాళం వేయగా నేను ఎప్పుడూ చూడలేదు. ఉందని కూడా తెలియదు.

అక్టోబరు 23, గురువారం

రెండు రోజులు గాలి, వాన. కరెంటు లేదు. అందరం గోడౌనులో ఉన్నాము. మేత బస్తాల మీద పిల్లలు. వాసనకు గురవమ్మ కోడలు వాంతి చేసుకుంది. పక్కా చర్చి ఉండగా ఈ కంపులో ఏంది మాకు అని పాలెం మగవాళ్ళు గొణిగారు. అయ్యగారు వివరంగా చెప్పారు. నమ్మినట్టు లేరు. నేను తలుపు దగ్గర కూర్చున్నాను. ప్రతి చప్పుడూ అదేనేమో అనుకుంటూ. పడాలని అనుకున్నానా, పడకూడదని అనుకున్నానా, రెండూ అనుకున్నాను.

అక్టోబరు 24, శుక్రవారం

గోడ పడలేదు.

గురవమ్మ మందిరం ముందు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, "పడలేదే అన్నా నీ గోడ. మా బట్టలకు మాత్రం రొయ్యల మేత వాసన పోలా," అంది. పిల్లలు నవ్వారు. నన్ను చూసి ఒకడు గోడ తాతా అన్నాడు. ఆ పేరు ఉండిపోయేలా ఉంది.

కోడలికి కొడుకు. నిన్న సాయంత్రం, గోడౌనులోనే. ఇద్దరూ బాగున్నారు.

అక్టోబరు 27, సోమవారం

భానుప్రియ వచ్చింది. అయ్యగారు ఫోనులో అంతా చెప్పారట. నన్ను పలకరించలేదు. నేరుగా గోడ దగ్గరికి పోయి తనే నిచ్చెన ఎక్కబోయింది. పుచ్చిన మెట్టు మీద కాలు పెట్టబోతే నేను, అది కాదు అన్నాను. దిగింది. అప్పుడు మాట్లాడింది. ఆ కాగితం మీద తన పేరు ఉందట. దాన్ని నమ్మి మనుషులు ఆ గోడ కింద పడుకునేవాళ్ళట. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరిచి ఉంటే బాగుండేది.

అంచుకు ఎందుకు ఆన్చారు తాతా అని అడిగింది. పైకి చూపించాను. చదివింది. నేను చెయ్యి పెట్టనమ్మా దాని మీద అన్నాను.

"తాడు లాగితే పట్టుకున్నారని తెలిసింది గానీ, ఎక్కడ పట్టుకున్నారో తెలీలేదు తాతా. ఆ తాడు నేనే గదా ఇచ్చింది," అంది.

సంజీవరావు గారు వచ్చి అసలు మాట అడిగారు. ఒకటి తప్పైతే మిగిలినవన్నీ ఒప్పని ఎట్లా నమ్మేదమ్మా, ఆయన ఇంకెక్కడెక్కడ మొహమాటపడినాడో ఎవరికి తెలుసు అన్నారు. న్యాయమే. భానుప్రియ కాగితాలు చుట్టేసింది. రేపు మొదటి నుంచి కొలుస్తానంది. ఈసారి తాడు లేదంది.

అక్టోబరు 28, మంగళవారం

మాట్లాడాను.

సంజీవరావు గారు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయనకు వినపడాలి, ఆమెకు వినపడాలి. టేపు పెట్టిన ప్రతి చోటా చెప్పాలి. ఇటుక మీద. గార మీద. గార ఊడిన చోట, లోపలి ఇటుక మీద. మేకుకు ఇవతల. చౌకట్టు కర్ర మీద, గోడ మీద కాదు. మొదట గొంతు పిల్లిలా వచ్చింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఆఁ? అన్నారు. గట్టిగా చెప్పాను. మందిరం నా గొంతు నాకే తిప్పి ఇచ్చింది. ఇన్నాళ్ళూ పాటలకే ఇస్తుందనుకున్నాను.

అంచు దగ్గరకు వచ్చేసరికి ఆమె పొడుగాటి బద్ద ఒకటి చేయించి పెట్టింది. దాని రెండు కొసలకూ ఒకే మందం కొయ్య ముక్కలు. అది దేవుని పేరుకు తగలకుండా, పేరును దాటి, అటూ ఇటూ ఉత్త గోడకే ఆనింది, గుండు దారం బద్ద మధ్య నుంచి దిగింది. ఆమె ఏ మతమో నేను అడగలేదు. ఆన్చే ముందు చెప్పులు విడిచింది.

రెజీనా వేడినీళ్ళు తెచ్చింది. నా గొంతు కీచుమంటోంది. "నాతో ఆడని మాటలన్నీ గోడలతో ఆడతా ఉండావే," అంది అందరి ముందూ. సంజీవరావు గారు కుర్చీలో నుంచి పడేలా నవ్వారు.

అక్టోబరు 29

గొంతు లేదు. కొలతలు సాగాయి. చేత్తో చూపిస్తే రెజీనా అరిచి చెప్పింది.

నవంబరు 2, ఆదివారం

సంఘం కూర్చుంది. మిగతా గోడలు మొదటి కొలతకూ రెండో కొలతకూ సరిపోయాయి. చెడింది బల్ల వెనక గోడ ఒక్కటే, అదీ మధ్యలో. వానలు తగ్గాక దాన్ని ఇటుక ఇటుకగా దించి, అవే ఇటుకలతో మళ్ళీ కట్టొచ్చట. ఏ ఇటుక వరస ఎక్కడిదో ఇప్పుడు కాగితం మీద ఉందట. అందాకా సరుగుడు మొద్దులు పోటు పెట్టాలి, లోపల ఎవరూ కూర్చోకూడదు. వసారాలో ఆరాధన.

అందరూ ఒప్పుకోలేదు. ఒక గోడ చెడిన ఇల్లు ఎన్నాళ్ళు అన్నారు. స్లాబు స్లాబే అన్నారు. అయ్యగారు చేతులెత్తమన్నారు. సంజీవరావు గారు చెయ్యి ఎత్తలేదు. కానీ ఎత్తిన చేతులను నిలబడి లెక్కపెట్టింది ఆయనే. పాత మందిరానికే ఎక్కువ వచ్చినాయి అని ఆయన నోటితోనే చెప్పారు. స్లాబు వాళ్ళు మళ్ళీ లెక్కపెట్టమంటే, నేను చూసినా గదా, కూర్చోండి అన్నారు.

నేను చెయ్యి ఎత్తాను. రెజీనా నా రెండో చెయ్యి కూడా ఎత్తబోయింది.

నవంబరు 9

పోట్లు పెట్టాము. సరుగుడు మొద్దులు గురవమ్మ వాళ్ళ మగవాళ్ళు మోశారు. అడగలేదు, వాళ్ళే వచ్చారు. ఆ పిల్లవాడిని కూడా తెచ్చింది చూపించడానికి. ఇంకా మేత వాసనే వస్తున్నాడు అంది. ముద్దు పెట్టుకుని చూశాను. పాల వాసన.

డిసెంబరు 24

ఈ ఏడు బల్ల వెనక గోడకు సున్నం కొట్టలేదు. మిగిలిన మూడింటికీ కొట్టాను. కారకుండా కొట్టడానికి చూశాను. కారింది.

జనవరి 25, ఆదివారం

డైరీ అయిపోయింది. అట్ట లోపలి వైపు రాస్తున్నాను.

ఈ వారం గోడ దించారు. దూలాల కింద మొద్దులు ఉన్నాయి, భయం లేదని భానుప్రియ చెప్పింది. అయ్యగారు లోపలే ఆరాధన పెట్టారు. బల్ల దాని చోట ఉంది. బల్ల వెనక ఏమీ లేదు. సరుగుడు చెట్లు, చెట్ల సందులో సముద్రం. లోపల కూర్చుంటే అంత దగ్గరగా ఎప్పుడూ అనిపించలేదు, గోడ ఉండేది కదా.

గాలికి పాటల పుస్తకాల పేజీలు వాటంతట అవే తిరిగాయి. పాలెం వాళ్ళ పడవ ఒకటి బల్ల మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. అయ్యగారు ప్రసంగం ఆపి వెనక్కి తిరిగి చూశారు. ఎక్కడ ఆపారో మరిచిపోయారు.

ప్రార్థన చేద్దాం, కళ్ళు మూసుకోండి అన్నారు.

నేను మూసుకోలేదు.